పక్క పంజరం తల్లి

పొద్దున్నుంచి పిల్ల ఒకటే ఏడుపు. డబ్బా పాలు పడితే మూతి తిప్పేసుకుంటోంది. కడుపునొప్పేమోనని పుష్పలీల బొడ్డు చుట్టూ ఇంగువ రాసింది. చెవిపోటేమోనని చెవి వెనక నొక్కి చూసింది. ఒళ్ళు కాలుతోందేమోనని తన చెంప ఆనించి చూసింది. ఏమీ లేదు. అయినా పిల్ల గొంతు చించుకుంటూనే ఉంది. 

"వదినా! ఓ వదినా! జర పైకి రా, రిషిత ఎట్లనో చేస్తుంది!" అని మెట్ల మీది నుంచి కేకేసింది.

కింది గదిలో ఉండే బాలమణి లీల భర్తకు సొంత అక్క. ఇద్దరు మగపిల్లల్ని పెంచి హాస్టల్లో వేసిన మనిషి. చేతికంటిన పిండిని కొంగుకు తుడుచుకుంటూ నింపాదిగా ఎక్కి వచ్చింది.

"మొన్న తుమ్మిందని దవాఖానకు ఉరికినవ్. నిన్న తుమ్ముతలేదని ఉరికినవ్. ఇయ్యాల ఏమాయె?"

"నవ్వకు వదినా. ఇది వేరే ఏడుపు."

బాలమణి పిల్లను ఒళ్ళో వేసుకుని గౌను విప్పింది. సాక్సులు లాగేసింది. ఎడమకాలి చిటికెనవేలు నల్లద్రాక్ష పండులా ఉబ్బి కనిపించింది. వేలి మొదట్లో సన్నని గీత పడి, చర్మం లోపలికి తెగి ఉంది. లీల వంగి, గోటి కొసతో ఆ గీతను కదిపి చూసింది.  అది వెంట్రుక. పొడుగాటి వెంట్రుక. వేలి చుట్టూ మెలికల మీద మెలికలు పడి తనకు తానే ముడేసుకుంది.

ఎవరిదో అడగాల్సిన పనిలేదు. కాన్పు అయినప్పటి నుంచి లీల జుట్టు కుప్పలు కుప్పలుగా రాలుతోంది. దువ్వెనకు, దిండుకు, పిల్ల పక్కగుడ్డలకు, ఆఖరికి పప్పుగిన్నెలో కూడా అదే. అందరికీ రాలుతుంది, మళ్ళీ వస్తుంది అని అందరూ చెప్పారు. రాలిన వెంట్రుక సాక్సులో దూరి కన్నబిడ్డ వేలు కోస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆటోలో దవాఖానకు పరుగెత్తారు. డాక్టరు అద్దం పెట్టి చూస్తూ సన్న బ్లేడుతో ముడి తెంపాడు. వేలు దక్కింది. "జర్రంత లేటైతే తీసెయ్యాల్సి వస్తుండె. కాన్పైన తల్లులున్న ఇండ్లల్ల అప్పుడప్పుడు ఇట్ల అయితనే ఉంటదమ్మా" అన్నాడు, రోజూ చెప్పే మాటలాగా.

ఇంటికొచ్చాక లీల ఇల్లు మళ్ళీ మళ్ళీ ఊడ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుంది. పిల్ల బట్టలన్నీ తిరగేసి, ఒక్కొక్క కుట్టూ వేళ్ళతో తడిమింది. పిల్ల నిద్రపోయినా ఆమెకు నమ్మకం లేదు. ముక్కు ముందు చెయ్యి పెట్టి ఊపిరి తగిలిందాకా తీయదు. ఇలాంటి మనిషికి తన తలే శత్రువైంది.

"గుండు చేయించుకుంట" అంది సాయంత్రం, భర్త శ్రీశైలం డ్యూటీ నుంచి రాగానే. అతను లీల పనిచేసే కంపెనీలోనే స్టాఫ్ బస్సు డ్రైవరు.

"చేయించుకో. షాంపూ ఖర్చన్న తప్పుతది" అని అతను నవ్వబోయాడు. భార్య మొహం చూసి ఆగిపోయాడు.

బాలమణి ఊరుకోలేదు. "మొగడుండంగ, మొక్కు లేకుంట, ఉత్తగ గుండేంది పిల్లా? చూసినోళ్ళు ఏమనుకుంటరు? నా తమ్ముడు కండ్ల ముందట తిరుగుతుండంగ నువ్వట్ల తిరుగుతవా? వద్దు. నేను బతికుండంగ ఆ మాట అనకు."

 దేవుడికి మొక్కుకుంటే జుట్టు ఇవ్వొచ్చు. బిడ్డ వేలి కోసం ఇవ్వకూడదు. వాళ్ళ ఇళ్ళల్లో అది అంతే. కానీ ఆమెకు ఇంకో దారి తెలుసు. తను పనిచేసే కంపెనీలోనే ఉంది. జుట్టు రాలకుండా ఒక్కసారే వేసే మందు; అందరూ దాన్ని ఒక్కసూది అంటారు. స్టాఫ్‌కు ఉచితం.

*

ఆ సూది పుట్టుక లీలకు బాగా తెలుసు. షామీర్‌పేట దాటాక ఉన్న ఆ మందుల కంపెనీలో ఆమెది ఎలుకల గది ఉద్యోగం. తొమ్మిదో తరగతిలో బడి మానిన పిల్లకు ఏసీ గదిలో పని దొరకడమే గొప్ప. తలకు టోపీ, మూతికి మాస్కు, ఒంటికి గౌను వేసుకుని లోపలికి వెళ్ళాలి. పంజరాల్లో మొక్కజొన్న కంకిపొట్టు మార్చాలి, నీళ్ళ సీసాలు నింపాలి, ఈనిన ఎలుకల పిల్లలను లెక్కపెట్టి, తూకం వేసి చెప్పాలి.

పెళ్ళి కాకముందు, ఆ గదికి కొత్త మందు వచ్చింది. ఆ మందు పరీక్షలు చూసే డాక్టర్ కుముదిని పంజరాల మధ్య నడుస్తూ ఆడపిల్లలకు అర్థమయ్యేలా చెప్పింది. "ఒంట్లో ఒక ఎంజైము ఉందమ్మా. పనివాడు అనుకోండి. వాడు హార్మోనును మార్చి ఘాటైనదిగా చేస్తాడు. ఆ ఘాటుకే జుట్టు కుదుళ్ళు ఎండిపోతాయి. ఇదివరకటి మాత్రలు ఆ పనివాడిని రోజూ ఆపాలి. మాత్ర మానితే వాడు మళ్ళీ పనిలోకి వస్తాడు. మన సూది ఒక్కసారి వేస్తే ఆ పనివాడు ఏళ్ళ తరబడి పుట్టనే పుట్టడు."

నిజంగానే పుట్టలేదు. బోడి మచ్చలు పడ్డ ఎలుకలకు పట్టులాంటి బొచ్చు వచ్చింది. ఎలుకలు చూలు కట్టాయి, ఈనాయి. అక్కడే ఒక చిన్న సంగతి జరిగింది. అది ఎవరికీ సంగతిలా కనిపించలేదు.

ఆ గదిలో ఆడపిల్లలకు ఒక అలవాటుంది. తొలిచూలు ఎలుక ఒక్కోసారి పిల్లల్ని పట్టించుకోదు. పిల్లలు గూట్లోంచి దొర్లి చలికి ఎర్రెర్రగా ముడుచుకుంటూ ఉంటే పక్కనుంచే నడిచిపోతుంది. అప్పుడు వాటిని తీసి పక్క పంజరంలో పాలిచ్చే తల్లికి ఇస్తారు. ఊరికే పెడితే ఆ తల్లి కొరికేస్తుంది. అందుకని ఆమె గూట్లోంచి గుప్పెడు పొట్టు తీసి, పిల్లల ఒంటికి రుద్ది, ఆమె వాసన పట్టించి, ఆమె పిల్లల మధ్యలో దూరుస్తారు. వాళ్ళలో వాళ్ళు దాన్ని సర్దుడు అంటారు. మొదట ఎవరు నేర్పారో ఎవరికీ గుర్తులేదు. కళ్ళ ముందు పసిగుడ్డు చస్తుంటే చూస్తూ ఎవరూరుకుంటారు?

మందు పడ్డ తల్లులకు సర్దుడు ఎక్కువగా పడింది.

"అందగత్తెలైనయ్ కద, ఇగ పిల్లలెందుకు?" అంది లీలతో పనిచేసే షాహీన్, ఒక నిగనిగలాడే ఎలుకను తోక పట్టి పైకెత్తి. "అద్దమిస్తే బొట్టు పెట్టుకుంటది చూడు, సిగ్గులేంది, బేషరం."

అందరూ నవ్వారు. డాక్టర్ కుముదిని కూడా నవ్వి, "పాపం చావనివ్వకండి, సర్దేయండి" అని చెప్పి, ఫోనొస్తే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. పిల్లలు పాలు మరిచే వేళకు లెక్క చూస్తే అన్నీ బతికే ఉన్నాయి. బరువులు బాగున్నాయి. పిల్లలకు ఏ హానీ లేదని పై వాళ్ళకు కాగితం వెళ్ళింది. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

తరవాత మనుషుల మీద పరీక్షలు జరిగాయి. ఎక్కువమంది మగవాళ్ళు, కొంతమంది ఆడవాళ్ళు. చంటిపిల్లల తల్లుల మీద ప్రయోగాలు చేయకూడదన్న మంచి నియమం ఉంది కాబట్టి వాళ్ళల్లో చంటిపిల్లల తల్లి ఒక్కతీ లేదు. ఒక్కసూది బజారులోకి వచ్చింది. లక్షలమంది వేయించుకున్నారు.

లీల కూడా వేయించుకుంది. దోమ కుట్టినంత నొప్పి.

*

మొదట దువ్వెన ఖాళీగా వచ్చింది. ఆ తరవాత దిండు శుభ్రమైంది. నుదుటి మీద చిన్న చిన్న కొత్త వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. లీల తువ్వాలు తీసేసింది. దేవుడికి దీపం పెట్టి పిల్ల చిటికెనవేలిని ముద్దు పెట్టుకుంది.

భయం ఎప్పుడు తగ్గిందో ఆమెకు తెలియలేదు. ఒకరోజు తెల్లారి లేచి, ఊపిరి చూడడానికి చెయ్యి పెట్టకుండానే నిద్రపోయానని గుర్తుచేసుకుంది. హాయిగా అనిపించింది. పిల్ల దగ్గితే గుండె జారడం ఆగిపోయింది. డ్యూటీలో ఉండగా పది సార్లు ఫోన్ చేసి "తిన్నదా? పన్నదా? ఒళ్ళు చల్లగుందా?" అని బాలమణిని వేధించడం మానేసింది.

"ఇప్పుడు మనిషివైనవ్" అని బాలమణి మెచ్చుకుంది. "మొదటి బిడ్డని అందరూ అట్లనే పరేషాన్ అయితరు. ఇగ రెండోదాన్ని కను, దానంతట అదే పెరుగుతది."

శ్రీశైలం ఇంకా సంతోషించాడు. "కడుపు నిండ తింటున్నవ్, కండ్ల నిండ పంటున్నవ్. జుట్టు సూడు, పెండ్లప్పటి లెక్కనే ఉంది. కంపెనీకి దండం పెట్టాలె."

లీల నవ్వింది. అందరూ మెచ్చుకునేదాన్ని రోగమని ఎవరనుకుంటారు? పిల్ల ఏడుపు ఆమెకు వినపడుతూనే ఉంది. కుక్కరు కూతలాగా, పక్కింటి మోటారు చప్పుడులాగా వినపడుతోంది. లేచి పాలు కలిపి పట్టేది. గుడ్డలు మార్చేది. ఏ పనీ తప్పలేదు. కాకపోతే, ఇదివరకు ఆ ఏడుపు వినగానే కడుపులోంచి ఎవరో తాడు పట్టి లాగినట్టుండేది. ఇప్పుడా తాడు లేదు. చేతిలో పని అయ్యాక లేవొచ్చులే అనిపించేది. అయ్యాకే లేచేది.

రిషిత పాకడం నేర్చింది. పట్టుకుని నిలబడడం నేర్చింది. ఒక ఆదివారం, మెట్ల దగ్గర ఎండలో లీల కొత్తిమీర కట్టలు ముందేసుకుని ఆకు తుంపుతోంది. రెండు గజాల దూరంలో, బట్టలు జాడించడానికి నింపిన పెద్ద బకెట్టు ఉంది. పిల్ల పాక్కుంటూ వెళ్ళి బకెట్టు అంచు పట్టుకుని లేచింది. నీళ్ళల్లో చెయ్యి పెట్టి కొట్టింది. చిందిన నీళ్ళకు కిలకిల నవ్వింది. ఇంకా లోపలికి వంగింది.

లీల చూస్తోంది. ఇంకొంచెం వంగితే పడుతుందని ఆమెకు తెలుసు. పడితే ఏమవుతుందో కూడా తెలుసు. లేవాలి అనుకుంది. చేతిలో ఉన్న కట్ట సగం అయింది. మిగతా సగం తుంపి లేద్దామనుకుంది. పిల్ల పాదాలు నేల మీది నుంచి లేచాయి. నవ్వు ఆగిపోయింది. తెల్లని మడమలు రెండూ గాల్లో కొట్టుకుంటున్నాయి. లీల కాడలు ఒక పక్కకు, ఆకు ఒక పక్కకు వేసింది.

మేడమీద బట్టలు ఆరేసి దిగుతున్న బాలమణి పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడింది. మిగిలిన నాలుగు మెట్లూ దూకి, పిల్ల రెండు కాళ్ళూ పట్టి పైకి లాగింది. తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొట్టింది. పిల్ల నోట్లోంచీ ముక్కులోంచీ నీళ్ళు వచ్చాయి. కాసేపు ఏ చప్పుడూ లేదు. అప్పుడు దగ్గు వచ్చింది. దగ్గు వెనక ఏడుపు వచ్చింది.

పిల్లను భుజాన వేసుకుని బాలమణి లీల దగ్గరికొచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది.

"చూస్తలేవానే? కండ్లు దొబ్బినయా?"

"చూస్తున్న వదినా."

"చూస్తున్నవా!"

"లేద్దామనే అనుకున్న."

బాలమణి మళ్ళీ కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించేసింది. లీల ముఖంలో భయం లేదు, ఏడుపు లేదు, తప్పు చేసిన మనిషి కంగారు లేదు. చెంప ఎర్రబడింది, అంతే. ఒడిలో కొత్తిమీర ఉంది. బాలమణి రెండడుగులు వెనక్కి వేసింది. పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది.

*

మర్నాడు ఎలుకల గదిలో లీల పొట్టు మారుస్తోంది. ఒక్కసూదిలోనే ఇంకా బలమైన రకం కోసం కొత్త ఎలుకలను పెట్టారు. ఒక పంజరంలో తల్లి ముందుకాళ్ళతో పట్టుకుని గింజ తింటోంది. గూట్లోంచి దొర్లిన పిల్ల ఒకటి, కళ్ళు కూడా తెరవనిది, దేకుతూ దేకుతూ వచ్చి తల్లి వెనకకాలికి మూతి ఆనించింది. తల్లి గింజ తినడం ఆపలేదు. కాలు మాత్రం కాస్త పక్కకు జరుపుకుంది.

కోపంగా కాదు. చిరాగ్గా కూడా కాదు. ఊరికే జరుపుకుంది.

లీల ఆ కాలి వైపే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళలో ఇలాంటివి ఎన్నో చూసింది. బద్ధకం అనుకుంది, పొగరు అనుకుని నవ్వింది. ఇప్పుడు లోపలి నుంచి చూసినట్టు తెలిసింది. ఆ ఎలుకకు పిల్ల మీద కోపం లేదు. ఏమీ లేదు. భయం పోయింది గాని బుద్ధి పోలేదు కాబట్టి, లీల చేతి తొడుగులు తీసేసి డాక్టర్ కుముదిని గది తలుపు కొట్టింది.

కుముదిని అంతా విని కుర్చీ జరుపుకుని దగ్గరగా కూర్చుంది. "కాన్పు తరవాత కొందరికి దిగులు పట్టుకుంటుంది లీలా. మందులున్నాయి. భయపడకు."

"భయమైతలేదు మేడమ్. అదే చెప్తున్న. దిగులు లేదు, ఏడుపు రాదు. మంచిగ తింటున్న, మంచిగ పంటున్న. బిడ్డ నీళ్ళల్ల మునుగుతుంటే కొత్తిమీర తుంపుకుంట కూసున్న."

కుముదిని చేతిలోకి తీసుకున్న మందుల చీటీ పక్కన పెట్టేసింది.

"ఎలుకలు గూడ ఇట్లనే చేస్తయ్ మేడమ్. మందు పడ్డయ్. మొదటి సంది గంతే."

"మొదటి నుంచా? కానీ పిల్లలన్నీ బతికాయి కదా. తూకాలు నేనే చూశాను."

"మేం సర్దుతుంటిమి కద. పక్క తల్లులు సాదినయ్."

"ఎన్నింటిని సర్దారు?"

"ఎన్నంటే ఏం చెప్పాలె. మందు పడ్డవాటి పిల్లలు దాదాపు అన్ని."

"నాకెందుకు చెప్పలేదమ్మా?" కుముదిని గొంతు పెరిగింది.

"మీరే అంటిరి కద మేడమ్, సర్దేయండని."

నిష్ఠూరంగా అనలేదు లీల. అడిగితే చెప్పింది. కుముదినికి ఆ రోజు గుర్తొచ్చింది. నవ్వు గుర్తొచ్చింది, చేతిలో మోగిన ఫోను గుర్తొచ్చింది.  చివరికి తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది: "జుట్టు దగ్గర ఘాటు చేసే పనివాడే మెదడులో ఇంకో పని చేస్తాడు లీలా. అక్కడ ఒక పదార్థం తయారుచేస్తాడు. పిల్ల ఏడిస్తే తల్లికి ఊపిరాడకుండా చేసేది అదేనేమో. ఆ పనివాడిని మేం తలలో కూడా పుట్టకుండా చేశాం."

పై వాళ్ళు నమ్మలేదు. ఎలుకల గదిలో ఊడ్చే మనిషి మాట మీద, ఇన్ని లక్షలమంది వేయించుకున్న మందును ఆపుతామా అన్నారు. ఆమెకు మతి బాగాలేదేమో చూపించండి అన్నారు. కుముదిని పట్టు వదల్లేదు. సర్దుడు లేకుండా మళ్ళీ ఒకసారి చూద్దాం, తేడా లేకపోతే నేనే రాజీనామా చేస్తాను అంది. అందుకు ఒప్పుకున్నారు.

అయితే ఆ పని చేయడం ఎవరివల్లా కాలేదు. పిల్లలు చల్లబడుతుంటే ముట్టుకోకూడదు. చూడాలి, ఏ తల్లి ఎత్తుకుందో, ఏ తల్లి ఎత్తుకోలేదో చెప్పాలి. షాహీన్ ఒక పూట కూర్చుంది. బయటికొచ్చేసరికి మందు పడ్డ తల్లి పిల్లలన్నీ పక్క పంజరంలో వెచ్చగా పాలు తాగుతున్నాయి.

"నేను కాదు మేడమ్, అల్లా కసమ్" అంది. ఆమె తొడుగుల నిండా పొట్టే. కుముదిని తిట్టబోతే ఏడ్చేసింది. "నౌకరి తీసెయ్యండి మేడమ్. నాకు ఇద్దరు చిన్నపిల్లలున్నరు. నా చేతులు ఆగుతలేవు."

ఇంకో అమ్మాయిని పెట్టారు. ఆమె కూడా సర్దేసింది. పరీక్ష మొత్తం పాడైంది.

"నేను కూసుంట" అంది లీల.

కుముదిని ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. "నీకు... ఏమనిపించదా?"

"అనిపించదు మేడమ్. అందుకే."

ఎలుక పిల్లలు చలికి అరుస్తాయి. మనిషి చెవికి అందనంత సన్నగా అరుస్తాయి. ఆ అరుపును మన చెవికి దించే యంత్రం ఒకటి పంజరాల మధ్య పెట్టారు. ఇన్నేళ్ళు అక్కడ పనిచేసి లీల ఆ గొంతులు వినడం అదే మొదటిసారి. గది నిండా పిచ్చుకలు చిక్కుకున్నట్టుంది.

ఒక పంజరంలో మందు పడ్డ తల్లి. పట్టుకుచ్చులాంటి బొచ్చును నాకి నాకి సవరించుకుంటోంది. చెవులు ఒకసారి కదిలాయి, వినపడింది. మళ్ళీ నాకడంలో పడింది. దాని చుట్టూ పిల్లలు తలో దిక్కున, గులాబీ రంగు పోయి పాలిపోతున్నాయి. పక్క పంజరంలో మందు పడని తల్లి. దాని పిల్లలన్నీ దాని కడుపు కిందే ఉన్నాయి. అయినా అది నిలవలేకపోతోంది. అరుపు వినపడినప్పుడల్లా లేచి వస్తోంది, ఊచల మీద కాళ్ళు వేసి నిలబడుతోంది, తీగను పళ్ళతో కొరుకుతోంది. తనవి కాని పిల్లల కోసం మూతి చిట్లి రక్తం వచ్చింది. అయినా కొరుకుతూనే ఉంది.

లీల ఇద్దరు తల్లులనూ చూసింది. ఒక్కొక్క గొంతే ఆగుతుంటే పలక మీద గీత పెట్టింది. ఏ గీతా వంకర పోలేదు.

అద్దం అవతల నిలబడ్డ కుముదిని ఇక ఓర్చుకోలేక తలుపు తోసుకుని వచ్చింది. మాస్కు తడిసి ముఖానికి అతుక్కుపోయింది.

"చాలు లీలా. తేలిపోయింది. వచ్చేయ్."

"ఇంక రెండున్నయ్ మేడమ్" అంది లీల.

*

మందు ఆపేశారు. టీవీలో చెప్పారు, పేపర్లలో వేశారు. అంతకుముందు ఎక్కడో ఒకామె బిడ్డను ఎండలో మేడమీద వదిలేసిందని కసాయి తల్లి అని పేరు పెట్టి జైల్లో వేశారు. ఆమె నల్లని బారెడు జడను మాత్రం అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇంకెక్కడో ఇంకొకామె. వెతకడం మొదలుపెట్టాక పేర్లు వస్తూనే ఉన్నాయి. కంపెనీ డాక్టర్లు వాళ్ళందరినీ పిలిచి రక్తం తీసుకున్నారు. లీల రక్తమూ తీసుకున్నారు. పనివాడు మళ్ళీ పుడతాడా, పుడితే ఎన్నేళ్ళకు పుడతాడు అంటే కుముదిని అబద్ధం చెప్పలేదు. తెలియదమ్మా అంది.

ఇంట్లో చెప్పాల్సి వచ్చినప్పుడు లీలే చెప్పింది. దాచాలని కూడా ఆమెకు అనిపించలేదు. బాలమణి పైకి వెళ్ళి పిల్ల బట్టలు, పాలసీసాలు, ఉయ్యాల తాళ్ళు అన్నీ మూటకట్టి కిందికి తెచ్చుకుంది. గుమ్మం దాటబోతూ ఆగింది.

"గుండు చేయించుకుంటనంటే వద్దన్న. నా నోరు పడిపోను" అంది.

"నీకేం తెలుసు వదినా."

"తిట్టరాదే నన్ను! ఒక్కసారన్న తిట్టు. ఏడ్వు. గట్ల కూసోకు."

లీల ఏడవడానికి చూసింది. రాలేదు.

శ్రీశైలం గోడకానుకుని కూర్చున్నాడు. అక్క మూట పట్టుకుని దిగిపోయాక అడిగాడు.

"మరి నా మీద ప్రేమ? నా మీదన్న ఉందా, అదిగూడ పోయిందా?"

లీల నిజంగానే ఆలోచించింది. "తెల్వది. నీకేమన్న అయితదని నేనెప్పుడు గంత భయపడలే కద."

అతను నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళ మధ్య తల దూర్చుకున్నాడు. భుజాలు కదులుతుంటే లీల మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఇలాంటప్పుడు నీళ్ళిస్తారని ఆమెకు గుర్తుంది.

అప్పటినుంచి లీల పద్ధతి అదే. ఇదివరకు తను ఏమేం చేసేదో గుర్తు తెచ్చుకుని చేస్తుంది. రోజూ కిందికి దిగి పిల్లను చూస్తుంది. బాలమణి గదిలో ఉంటేనే ఎత్తుకుంటుంది. ఆమె బయటికి వెళ్తే పిల్లను కూడా తీసుకెళ్ళమని తనే చెప్తుంది. "నువ్వు లేనప్పుడు నాకియ్యకు వదినా" అని మొదటి రోజే మాట తీసుకుంది. పిల్ల గడ్డం కింద చక్కిలిగింతలు పెడుతుంది. పిల్ల నవ్వుతుంది. మొదట్లో బాగా నవ్వేది. తరవాత తరవాత ఆ నవ్వు తగ్గింది. తల్లి చేతులు వెచ్చగానే ఉన్నాయి, మాట మెత్తగానే ఉంది. ఏం తక్కువైందో చెప్పడానికి పిల్లకు ఇంకా మాటలు రాలేదు.

నడక వచ్చింది. బాలమణి సంబరపడి తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది. పక్క వీధి వాళ్ళను పిలిచి చూపించింది. లీల కూడా చప్పట్లు కొట్టింది.

ఆ వారంలోనే ఒక పొద్దున బాలమణి కింది గదిలో ఒక మూల కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. లీల గుమ్మం పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఇద్దరి మధ్యా రిషిత తప్పటడుగులు వేస్తూ తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ కాళ్ళు మెలికపడి, లీలకు చేతికందేంత దూరంలో బోర్లా పడింది. పెదవి చిట్లింది.

వెంటనే ఏడవలేదు. తల ఎత్తి లీలను చూసింది. నోరు తెరుచుకుని, ఏడుపు గొంతులో నిలిపి, చూసింది.

లీల చేతిలో చిన్న గౌను ఉంది. పిల్ల కళ్ళల్లోకి చూస్తూ తన లోపల వెతుక్కుంది. ఇదివరకు అది ఉండే చోటు ఆమెకు తెలుసు; రొమ్ముల కింద, కడుపు పైన. అక్కడ వెతికింది. ఇంకొంచెం లోతుగా వెతికింది. చేతులు చాపాలని తెలుసు, చాపబోయింది.

పిల్ల అంతసేపు ఆగలేదు. చూపు తిప్పేసుకుంది. మేనత్త వైపు తిరిగి, ఆమె కనపడ్డాకే గొంతెత్తి ఏడ్చింది. చేతులు నేలకానించి లేచి, ఏడుస్తూ, కళ్ళ నిండా నీళ్ళతో ముందేమీ కనపడకుండా అటు నడిచింది.

"అయ్యో నా బంగారు తల్లీ, రా, రా" అంటూ బాలమణి చేట పక్కన పెట్టి లేవబోయింది. బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి, లేవడానికి కాస్త ఆలస్యమైంది. పిల్ల దారిలో చెక్కపీట ఒకటి అడ్డంగా ఉంది.

లీల లేచింది. పిల్ల కంటే ముందు వెళ్ళి, ఆ పీటను పక్కకు జరిపింది.